ఒక్కరే పట్టే పడవ

జనవరి 9

మావయ్యా,

తొమ్మిదో అధ్యాయం చేరింది. కవరు మీద గ్రీజు మరక చూడగానే అది ఎవరి దగ్గర్నుంచో మా కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో అందరూ చెప్పేశారు. టీ టైములో చదవడం మొదలుపెట్టాను, టీ చల్లారిపోయేదాకా తల ఎత్తలేదు. పొగడ్తలు ఇంతటితో అయిపోయాయి. ఇక తిట్లు.

పద్నాలుగో అంతస్తు వాళ్ళ చేత మేడలోని తలుపులన్నీ తగలబెట్టించావు. చలికి జనం పోతారంటే నేను మాత్రం కాదంటానా? కానీ ఒక్క బాత్రూం తలుపు మిగిల్చి మిగతావన్నీ బూడిద చేస్తే ఎలా? అంతమంది ఆడవాళ్ళు బట్టలెక్కడ మార్చుకుంటారని ఒక్కసారైనా ఆలోచించావా? ఈ చిక్కులన్నీ నా అధ్యాయంలో నేను విప్పుకోవాలి.

మన సంపాదకురాలు ఎర్రపెన్ను గారు (ఈ పేరు నువ్వు పెట్టిందే, ఎప్పుడో ఒకరోజు ఆవిడ ముందే నోరు జారతానని నా భయం) ఆఖరి పుస్తకం వెనక అట్ట కోసం, ఇద్దరు కలిసి ఒకే కథ ఎలా రాస్తారో నాలుగు ముక్కలు రాయమన్నారు. ఇలా రాశాను, చూడు:

“నా పదమూడో ఏట కాలు విరిగి మంచాన పడ్డాను. లిఫ్టులు బాగుచేసే మా మావయ్య పోస్టులో ఒక కథ పంపాడు. ఊరంతా నీళ్ళలో మునిగిపోయింది. మిగిలిన జనం ఎత్తు మేడల పై అంతస్తుల్లో బతుకుతున్నారు. తీగ అనే అమ్మాయి ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కుంది. అక్కడితో ఆపేసి కింద ‘ఇక నువ్వు’ అని రాశాడు. నేను రాశాను. అప్పటినుంచి బేసి అధ్యాయాలు ఆయనవి, సరి అధ్యాయాలు నావి. నియమాలు మూడు. ఒకరు రాసింది ఇంకొకరు చెరపకూడదు. పోయినవాళ్ళు తిరిగి రాకూడదు. రాయబోయేది ముందే చెప్పకూడదు, ఫోన్లో అయితే కథ ఊసే ఎత్తకూడదు.”

రెండో నియమం ఎందుకు పెట్టుకున్నామో రాయలేదు. తీగ వాళ్ళకు శత్రువైన అద్దాల మేడ నాయకుణ్ణి నువ్వు ముంచడం, తేల్చడం, మళ్ళీ ముంచడం, మళ్ళీ తేల్చడం లోకానికి తెలియనక్కర్లేదు.

ఇంక మిగిలింది మూడు అధ్యాయాలు. తీగ ఎప్పటికైనా నేల మీద అడుగు పెడుతుందా లేదా అని పిల్లలు ఎర్రపెన్ను గారికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారట. పన్నెండోది నాది కాబట్టి ఆ బరువు నా మీదే ఉంది.

అత్తయ్య కుట్టిన జేబుల కోటు సరిగ్గా సరిపోయిందని చెప్పు.

బట్టలు మార్చుకోవడానికి చోటు లేని జనం తరఫున,
ఉడుత

జనవరి 20

ఉడుతా,

అట్ట మీద రాసింది బాగుంది. “పంపాడు” బదులు “పంపారు” అని ఉంటే ఇంకా బాగుండేది. ఇంట్లో ఎలాగూ లేని మర్యాద అచ్చులోనైనా దక్కేది.

తలుపుల గురించి నన్నేమీ అనకు, నేను ఇప్పటికే చాలా పడ్డాను. చేసి చూడకుండా నేను ఏదీ రాయనని నీకు తెలుసు. పాత సామాన్ల కొట్లో ఒక తలుపు కొని మా మేడ పైకెక్కి కాల్చాను. పాలిష్ ఉన్న తలుపు అంత నల్లటి పొగ వదులుతుందని అనుకోలేదు. కింది వాటా ఆవిడ తెల్ల దుప్పట్లు ఆరేసి ఉన్నాయని అసలే అనుకోలేదు. ఇప్పుడు ఆ దుప్పట్లు మీ అత్తయ్య ఉతుకుతోంది, నేను పిండుతున్నాను. కుట్టు మిషను పక్కనే బకెట్లు. యూనిఫారాలు తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు మేము లాండ్రీ కూడా పెట్టామనుకుని రేట్లు అడుగుతున్నారు.

పిల్లలు అడిగినదానికి జవాబు నువ్వు చూసుకో. నాకు మాత్రం ఈ కథ అయిపోవడం ఇష్టం లేదు. చెప్పేస్తే ఓ పనైపోతుంది కాబట్టి చెబుతున్నాను. ఇంకో అయిదు పుస్తకాలు రాయమన్నా రాస్తాను. నువ్వు నాకు ఉత్తరం రాసేది అధ్యాయం వెంట పెట్టడానికే కదా. అధ్యాయాలు అయిపోతే కవర్లో ఏం పెడతావు? అడగకూడదనుకుంటూనే అడిగేశాను. పట్టించుకోకు.

మీ అత్తయ్య లోపల్నుంచి కేకేస్తోంది. ఇంకో దుప్పటి వచ్చింది.

మసి, గ్రీజు రెండూ అంటిన
మావయ్య

ఫిబ్రవరి 6

మావయ్యా,

ఎక్కువ రాయలేను, క్షమించు. పదో అధ్యాయం ఇందులో ఉంది.

ఫోన్లో అమ్మ చెప్పే ఉంటుంది. మా కంపెనీ వాళ్ళు దూరపు ఊళ్ళో కొత్త ల్యాబ్ తెరుస్తున్నారు, దాన్ని నన్ను చూసుకోమన్నారు. ఏప్రిల్లో వెళ్ళాలి. ఈలోగా ఇక్కడి పనులన్నీ తెమల్చాలి. ఒక సంగీతం టీచరుగారి కట్టుడు పళ్ళ సెట్టు నా ప్రాణం తీస్తోంది. మామూలుగా మాట్లాడితే బాగానే ఉంటాయి, పాట ఎత్తుకోగానే ఈల వస్తోంది. సరిచేసి ఇచ్చినప్పుడల్లా ఆయన మా కౌంటరు దగ్గరే నిలబడి పాడి చూపిస్తారు. జనం పోగవుతున్నారు. అలమరలో ప్లాస్టర్ దవడలన్నీ నోళ్ళు తెరుచుకుని ఆయన పాటే వింటున్నట్టు ఉంటున్నాయి.

ఊరు మారేలోపు పుస్తకం పూర్తయిపోతే నెత్తి మీద బరువు దిగుతుంది. నీ పదకొండోది తొందరగా పంపించు.

పరుగుల్లో,
ఉడుత

ఫిబ్రవరి 19

మేనకోడలికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నీకు పెద్ద బాధ్యత అప్పజెప్పారని తెలిసి చాలా సంతోషించాము. కొత్త ఊళ్ళో ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. వేళకు భోంచెయ్యి.

నీ అధ్యాయం చదివాను. తీగ కట్టుకున్న పడవ చక్కగా ఉంది. ఒక్కరే పట్టేలా కట్టావు. అర్థమైంది.

పదకొండో అధ్యాయం పంపుతున్నాను. నీ దారికి ఏదీ అడ్డం లేకుండా చేశాను. ఇక ముగించడం నీకు తేలిక.

మావయ్య

ఫిబ్రవరి 27

మావయ్యా,

మెట్ల తాతను చంపేశావు.

బస్సులో చదివాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది, దాని తర్వాతదీ దాటిపోయింది. అయిదు పుస్తకాలుగా ఆ ముసలాయన రోజూ పద్నాలుగో అంతస్తు నుంచి నీటి అంచు దాకా మెట్లు ఊడుస్తూ వచ్చాడు. “ఎవరూ దిగని మెట్లు ఎందుకయ్యా ఊడవడం” అని మేడంతా నవ్వుతుంటే, “దిగే రోజు చెత్త ఉండకూడదుగా” అన్నాడు. ఆ మాట నువ్వు రాసినప్పుడు నాకు పదమూడేళ్ళు. మంచం మీద పడుకుని ఆ మాట చదివి, కాలు బాగవుతుందని నమ్మాను. అలాంటి మనిషిని “నా గురించి చూడకు, పడవెక్కి వెళ్ళు” అనిపించి, ఆ అధ్యాయం పూర్తయ్యేలోపు చీపురు ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీదే ప్రాణం వదిలేలా చేశావు. రెండో నియమం ఉంది కాబట్టి నేను వెనక్కి తేలేను. నాకు ఏడుపొచ్చింది, ఆ తర్వాత కోపమొచ్చింది, ఇప్పుడు భయమేస్తోంది.

భయం దేనికంటే, నువ్వు చేసి చూడనిది రాయవు. మెట్లెక్కుతుంటే ఊపిరి అందకపోవడం, ఎడమ చెయ్యి మోచేతి దాకా తిమ్మిరెక్కడం, చెవుల్లో హోరు, రెయిలింగు పట్టుకుంటే అది చల్లగా తగలడం. ఇవన్నీ ఊహించి రాసినవి కావు. పైగా ఆ ఉత్తరంలో నన్ను ఒక్కసారి కూడా ఉడుతా అనలేదు. వేళకు భోంచెయ్యమన్నావు. జీవితంలో నువ్వెప్పుడైనా నాకు ఆ మాట చెప్పావా?

అత్తయ్యకు ఫోన్ చేశాను. కథ ఊసెత్తలేదు, నియమం తప్పలేదు. నిన్ను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని మాత్రం చెప్పాను. మారు మాట్లాడకుండా వెళ్ళు.

కోపంగానూ భయంగానూ,
ఉడుత

మార్చి 8

ఉడుతా,

నీ పుణ్యమా అని నా పరువు ఊరంతా ఊరేగింది.

మీ అత్తయ్య నేను చెప్పేది ఒక్క ముక్క వినలేదు. టాక్సీ పిలిచి, నన్ను లోపలికి తోసి, తలుపు పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో ఒంటినిండా వైర్లు తగిలించారు. లిఫ్టు కంట్రోలు పెట్టెలో కూడా అన్ని వైర్లుండవు. కదిలే పట్టా మీద నడిపించారు. మధ్యలో అది కీచుమంటే బోల్టు వదులైందని చెప్పాను. డాక్టరు గారు “మిమ్మల్ని మేం చూస్తున్నామా, మమ్మల్ని మీరు చూస్తున్నారా?” అన్నారు. చివరికి తేలిందేమిటంటే గుండె రాయిలా ఉంది, చెవుల్లో గుబిలి ఉంది. గుబిలి తీశారు. అప్పటినుంచి మీ అత్తయ్య వంటింట్లో గొణిగేవి కూడా వినిపిస్తున్నాయి. ఆ విధంగా నువ్వు నాకు అపకారమే చేశావు.

జరిగింది విను. ముసలాయన మెట్లెక్కే ఘట్టం రాయాలి. మేం పని చేస్తున్న మేడలో పనిముట్ల సంచి భుజాన వేసుకుని అట్టడుగు నుంచి పై దాకా ఎక్కాను. సంచి ఎడమ భుజాన వేసుకున్నాను కాబట్టి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. కుడి భుజాన వేసుకుని ఉంటే ఈ గొడవే లేదు. లిఫ్టు బాగుచేసేవాడే రొప్పుతూ మెట్లెక్కడం చూసి ఆ మేడలో సగం మంది లిఫ్టెక్కడం మానేశారు. మా సూపర్‌వైజరు నన్ను పిలిచి సంజాయిషీ అడిగాడు. కథ కోసం ఎక్కి చూశానని చెబితే ఇంకా అనుమానంగా చూశాడు.

ఇక రెండో సంగతి. మీ అత్తయ్య చెప్పమంటోంది, చెప్పకపోతే తనే రాస్తానంటోంది.

నీ పదో అధ్యాయంలో పడవ ఒక్కరికే సరిపోయేలా ఉంది. తీగ అందులో కూర్చుని కాళ్ళు చాపితే ఇంక పిల్లి కూడా పట్టదని రాశావు. అదే కవర్లో కొత్త ఊరు, కొత్త ల్యాబ్, పుస్తకం అయిపోతే బరువు దిగుతుందన్న మాట. నేను జనవరిలో అడిగినదానికి జవాబు లేదు. దాంతో నాకు అర్థమైందేమిటంటే, మా ఉడుత పెద్దదైంది, ఒంటరిగా వెళ్ళాలనుకుంటోంది, ఈ ముసలి మావయ్యను వదిలి వెళ్ళడానికి మొహమాటపడి కథలో చెప్పింది. అందుకే కథలో ముసలాయన్ని పంపేశాను. నిన్ను పట్టుకుని వేలాడేవాడు ఎవరూ ఉండకూడదని. రాస్తున్నప్పుడు నాకూ కష్టంగానే ఉంది.

నీకు అంత బాధయితే పదకొండోది చించేసి ఇంకొకటి రాస్తాను. మొదటి నియమం నువ్వు రాసింది నేను చెరపకూడదని కదా. నేను రాసింది నేను చెరపొచ్చేమో.

శుభ్రమైన చెవులతో,
మావయ్య

మార్చి 17

మావయ్యా,

పప్పులో కాలేశావు.

పడవ ఒక్కరికే ఎందుకు కట్టానో తెలుసా? చెక్క లేక. మేడ మొత్తం మీద నువ్వు మిగిల్చింది ఒక్క బాత్రూం తలుపు. దానితో ఇద్దరు పట్టే పడవ ఎలా కట్టను? ఎన్ని రకాలుగా గీసుకున్నానో. నిలువుగా కోసి చూశాను, అడ్డంగా కోసి చూశాను. మెట్ల తాతకు ముందువైపు చోటు పెడితే తీగకు వెనక చోటు లేదు. మూడు నియమాలనూ తిట్టుకుంటూ చివరికి ఒక్కరికే కట్టాను. తలుపులు కాల్చింది నువ్వు. పడవ చిన్నదైతే అలిగింది నువ్వు. అలిగి ముసలాయన్ని చంపిందీ నువ్వే.

చదివి చాలాసేపు నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. నువ్వు నన్ను వదిలించుకోవాలనుకుంటున్నావని నేనూ అనుకున్నాను. “నీకు తేలిక” అని రాశావు చూడు, ఆ మాటకు. ఎవరికి తేలిక?

జనవరిలో అడిగినదానికి జవాబు రాయలేదు, నిజమే. పట్టించుకోకు అన్నావని పట్టించుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక నీ మాట విన్నది ఆ ఒక్కసారే, అదీ తప్పయింది. ఇప్పుడు రాద్దామంటే ఏం రాయాలో నాకూ తెలియడం లేదు. కథ లేకుండా మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు కదా. ఫోన్లో కూడా నువ్వు “ఆఁ, ఇదిగో మీ అత్తయ్యకిస్తున్నా” అనేవాడివి. అది తలుచుకుంటే నాకూ భయంగానే ఉంది.

పదకొండోది చించొద్దు. నిన్ను నువ్వు చెరుపుకోవడం మొదలుపెడితే ఇంక ఈ పుస్తకాల్లో దేనికీ విలువ లేదు. ఆయన పోయాడు, పోయినట్టే. దాని మీద నుంచే నడిచి ముగించాలి. ఎలాగో ఇంకా తెలియదు. టైము పడుతుంది. ఎర్రపెన్ను గారు అరిచినా సరే.

అన్నట్టు సంగీతం టీచరుగారి ఈల ఆగిపోయింది. ఈల లేకపోతే పాట చప్పగా ఉందని ఆయన మళ్ళీ వచ్చారు.

వడ్రంగి పని తెలియని
ఉడుత

ఏప్రిల్ 5

ఉడుతా,

చెక్క సంగతి నాకు తట్టనే లేదు. మీ అత్తయ్య నీ ఉత్తరం చదివి బాత్రూం తలుపు వైపు చూసి, నా వైపు చూసి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఆ తలుపు వేసినప్పుడల్లా నవ్వుతోంది.

తొందరపెట్టడం లేదు. ఊరికే అడుగుతున్నాను. పన్నెండోది కదిలిందా?

మావయ్య

తా.క. అమ్మాయ్, నేను అత్తయ్యను. తొందరపెట్టడం లేదట. మీ మావయ్య పోస్టు పెట్టె మూత తీసి తీసి నిన్న దాని కీలు ఊడగొట్టాడు. ముసలాయన్ని బతికించే దారేమైనా ఉంటే చూడు తల్లీ. మీ నియమాలు నాకు వర్తించవు, నేను అడగొచ్చు.

ఏప్రిల్ 21

మావయ్యా, అత్తయ్యా,

పన్నెండో అధ్యాయం ఇందులో ఉంది.

కొత్త ల్యాబ్‌లో ఇంకా రంగు వాసన పోలేదు. నా గదికి తూర్పున కిటికీ, కిటికీ కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు. పొద్దున్నే గాలి కొట్టే చప్పుడుతో లేస్తున్నాను. ఈ అధ్యాయం ఇక్కడికొచ్చాకే కదిలింది. దీనికోసం మొదటిసారి నీ పద్ధతిలో ఒక పని చేసి చూశాను. వీధి చివర ఈత కొలను ఉంది. ఒక పాత అలమర తలుపు, ఒక ప్లాస్టర్ బస్తా పట్టుకుని వెళ్ళాను. కాపలా ఆవిడ ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చింది. నేను చెప్పింది విని, “బస్తా తడిస్తే కొలనంతా గట్టిపడుతుంది, నువ్వే తవ్వాలి” అంది. అందుకని బస్తా బదులు తనే తలుపు మీద పడుకుంది. చాలా మంచి మనిషి. నీళ్ళు మింగినా ఏమీ అనలేదు.

అదంతా ఎందుకో చదివితే తెలుస్తుంది. అత్తయ్యా, మీరు అడిగింది చెయ్యలేకపోయాను. కోపం తెచ్చుకోకండి.

జ్వరమొచ్చి తగ్గినట్టున్న
ఉడుత

మే 2

ఉడుతా,

కవరు నేను పనికి వెళ్తుంటే గుమ్మంలో దొరికింది. సాయంత్రం దాకా ఆగుదామనుకున్నాను, నా వల్ల కాలేదు. బాగుచేస్తున్న లిఫ్టును రెండు అంతస్తుల మధ్య ఆపేసి, లోపల నేల మీద కూర్చుని చదివాను. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు తలుపులు బాదుతున్నారు. “రిపేరు” అని అరిచాను. అబద్ధం కూడా కాదేమో.

తీగ పడవలో వెళ్ళిపోతుందనుకున్నాను. నువ్వు ఆమెను ఎక్కించలేదు. పోయినవాళ్ళను నీళ్ళలో వదిలేయడం ఆ మేడ ఆనవాయితీ కదా, ఈయన్ని మాత్రం వదలనంది. మెట్ల తాతను ఆ పడవలో పడుకోబెట్టింది. ఒక్కరే పడతారు కాబట్టి తను నీళ్ళలోకి దిగి వెనకనుంచి తోసుకుంటూ ఈదింది. అద్దాల మేడ ముందుకు వచ్చేసరికి అలిసిపోయి కాళ్ళు కిందికి వదిలేసింది. ఆ కాళ్ళకు నేల తగిలింది.

అక్కడ నేను ఆగిపోయాను. మళ్ళీ మొదటినుంచి ఆ పేజీ చదివాను. అయిదు పుస్తకాలుగా అందరూ కిటికీల్లోంచి నీళ్ళనే చూస్తున్నారు, నీళ్ళు రోజుకు కాస్తంత తగ్గుతున్నాయని ఒక్కరికీ తెలియలేదు. ఆ పిల్ల ఈదడం మానేసి నడవడం మొదలుపెడితే తెలిసింది. మెడ దాకా, భుజాల దాకా, నడుం దాకా. అద్దాల మేడ వాళ్ళు బల్లేలు ఎత్తి నిలబడ్డవాళ్ళు కాస్తా, “ఆ పిల్ల నడుస్తోందే” అని దించేశారు. నేను రెండుసార్లు ముంచి తేల్చిన ఆ నాయకుడు మొట్టమొదట మెట్లు దిగి వచ్చాడు చూడు, వాడికి ఆ మర్యాద నేనెప్పుడూ ఇవ్వలేదు. రెండు మేడల వాళ్ళూ కలిసి బురద తవ్వి, మెట్ల తాతను మట్టిలో పెట్టారు. అన్నేళ్ళలో భూమిలోకి వెళ్ళిన మొదటి మనిషి ఆయన. పద్నాలుగో అంతస్తు జనమంతా ముసలివాళ్ళతో, పసివాళ్ళతో కిందికి దిగుతుంటే మెట్ల మీద ఒక్క చెత్త పుల్ల కూడా లేదని రాశావు. నేను ఆయన్ని చంపాను. నువ్వు చెరపలేదు. అయినా ఆయన చావును నా చేతిలోంచి తీసుకుని ఇంకెక్కడికో పట్టుకుపోయావు.

లిఫ్టులో కూర్చుని ఏడ్చాను. తలుపు తెరిచేసరికి బయట ఉన్నవాళ్ళు నా మొహం చూసి మెట్ల మీదుగా వెళ్ళిపోయారు. ఆ మేడలో ఇక లిఫ్టు పని నాకు ఇవ్వరు.

మీ అత్తయ్య చదివి, “బతికించకపోవడమే బాగుంది” అంది. ఆవిడ ఒప్పుకోవడం ఎంత అరుదో నీకు తెలుసు.

పదమూడో అధ్యాయం లేదు. పొద్దున అలవాటు కొద్దీ తెల్లకాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బేసి సంఖ్య నాదే కదా అనిపించింది. కాసేపటికి కాగితాలు తీసి లోపల పెట్టేశాను. బాగా ముగించావు ఉడుతా. నాకు గర్వంగా ఉంది. దిగులుగా కూడా ఉంది, అది నీ తప్పు కాదు.

మావయ్య

మే 14

మావయ్యా,

కవరు లావుగా ఉందని అధ్యాయం అనుకోకు. అంతా ఉత్తరమే.

నీ ఉత్తరం చదివి, జనవరి నుంచి బాకీ ఉన్న జవాబు రాయాలని కూర్చున్నాను. మొదటి రోజు నాలుగు లైన్లు వచ్చాయి: ఇక్కడ ఎండగా ఉంది, నేను బాగున్నాను, నువ్వు బాగున్నావా, ఉంటాను. చూసి నాకే సిగ్గేసింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఇంతకంటే బాగా రాసుకుంటారు.

అప్పుడు ఒక పని చేశాను. నాకు మెట్ల తాత గురించి తెలిసినవన్నీ కాగితం మీద పెట్టాను. ఆయనకు ఏ మోకాలు కలుక్కుమంటుందో తెలుసు. ఎవరి మీద అలిగి ఎన్నాళ్ళు మాట్లాడలేదో తెలుసు. వర్షం చప్పుడు వింటూ ఏం తలుచుకుంటాడో, ఎవరిని పెళ్ళి చేసుకుందామనుకుని అడగలేకపోయాడో అన్నీ తెలుసు. పేజీలు నిండిపోయాయి. తర్వాత ఇంకో కాగితం తీసి, పైన “మావయ్య” అని రాసి, నీ గురించి తెలిసినవి రాద్దామనుకున్నాను. లిఫ్టులు బాగుచేస్తాడు. తలుపులు తగలబెడతాడు. అలిగితే వేళకు భోంచెయ్యమంటాడు.

అంతే మావయ్యా. పదమూడేళ్ళప్పటినుంచి నీతో కలిసి రాస్తున్నాను, నాకు తెలిసింది అంతే.

ఇందులో ఉన్న మిగతా పేజీలు నా గురించి. ల్యాబ్‌లో మొదటి రోజు భయమేసి బాత్రూంలో ఎంతసేపు కూర్చున్నానో, ఇక్కడ ఎవరితో స్నేహమైందో, కాలు విరిగినప్పుడు నేను ఎవరికీ చెప్పనిది ఏమిటో. నవ్వొస్తే నవ్వుకో. దిద్దకు.

ఇప్పుడు నాకు చెప్పు. నువ్వు చిన్నప్పుడు ఏమవ్వాలనుకున్నావు? అత్తయ్యను మొదటిసారి చూసినప్పుడు ఏం మాట్లాడావు? మేం పిల్లలం ఇంటికొస్తే నువ్వెందుకు ఎప్పుడూ మేడ మీదికి వెళ్ళి ఒక్కడివే నిలబడేవాడివి? ఎవరైనా పోయినప్పుడు నువ్వు ఏడవడం నేను చూడలేదు, అప్పుడు ఎక్కడికి వెళ్ళేవాడివి?

సరి లేదు, బేసి లేదు. ఎంతైనా రాయి. మావయ్య అనే ఈ మనిషి నాకు ఇంకా పరిచయం కాలేదు.

నీ
ఉడుత